కాష్ డ్రైవ్ చెడినప్పుడు: ల్యాప్‌టాప్ నిల్వలో దోష నిర్ధారణపై ఒక సమీక్ష

ప్రశ్న స్వరూపం

2011 తరువాత కొన్నేళ్ల పాటు అమ్ముడైన అనేక ల్యాప్‌టాప్‌లలో రెండు నిల్వ సాధనాలు ఉండేవి. ఒకటి 500 గిగాబైట్లో అంతకు మించో పట్టే, తిరిగే పళ్లేలు గల హార్డ్ డిస్క్; రెండోది 20 నుంచి 32 గిగాబైట్లు మాత్రమే పట్టే చిన్న ఎస్‌ఎస్‌డీ, అంటే కదిలే భాగాలు లేకుండా ఫ్లాష్ చిప్‌లలో సమాచారాన్ని నిలిపే డ్రైవ్. యజమాని ఫైళ్లను దాచిపెట్టడం ఈ రెండోదాని పని కాదు; హార్డ్ డిస్క్ నుంచి పదే పదే అవసరపడే భాగాలను తన దగ్గర ఉంచుకుని, అడిగిన వెంటనే అందించడం దానికి అప్పగించిన పని. ఇలా వాడుకకు దగ్గరగా పెట్టుకునే చిన్న, వేగవంతమైన నిల్వను కంప్యూటర్ పరిభాషలో కాష్ అంటారు కనుక ఆ ఎస్‌ఎస్‌డీకి కాష్ డ్రైవ్ అనే పేరు స్థిరపడింది.

ఈ చిన్న డ్రైవ్ చెడినప్పుడు దోషాన్ని గుర్తించడం కష్టం. విండోస్‌లో సి, డి వంటి డ్రైవ్ అక్షరమేదీ దీనికి ఉండదు కాబట్టి, అటువంటిది యంత్రంలో ఉందన్న సంగతే చాలామంది యజమానులకు తెలియదు. అది చెడినప్పుడు కనిపించే లక్షణాలు హార్డ్ డిస్క్ చెడినప్పటి లక్షణాలను, ఆపరేటింగ్ సిస్టమ్ పాడైనప్పటి లక్షణాలను, ఒక్కోసారి వైరస్ సోకినప్పటి లక్షణాలను పోలి ఉంటాయి. అందువల్ల ఏ ఆధారాన్ని నమ్మాలి, డ్రైవ్‌ను ఎప్పుడు విడదీయాలి, విడదీశాక బాగుచేయాలా, మార్చాలా, పూర్తిగా తొలగించాలా అన్న విషయాల్లో మరమ్మతు నిపుణుల మధ్య భిన్నాభిప్రాయాలు నిలిచి ఉన్నాయి. ఆ అభిప్రాయాలను చరిత్ర క్రమంలో పరిశీలించినప్పుడు, పరస్పరం పొసగనివిగా కనిపించే సలహాలలో అనేకం వేర్వేరు అమరికలను ఉద్దేశించి చెప్పినవేనని, ఆ అమరికలన్నిటినీ ఒకే పేరుతో పిలవడం వల్లనే వివాదం చిక్కుపడిందని తెలుస్తుంది.

కాష్ భావన నుంచి కాష్ డ్రైవ్ దాకా

కాష్ అనే ఆలోచన ఫ్లాష్ చిప్‌ల కన్నా చాలా పాతది. కేంబ్రిడ్జ్‌కు చెందిన మారిస్ విల్క్స్ 1965లో, పెద్దదీ నెమ్మదైనదీ అయిన జ్ఞాపకానికి చిన్నదీ వేగవంతమైనదీ అయిన సహాయక జ్ఞాపకాన్ని జోడించే పద్ధతిని ప్రతిపాదించాడు. 1968లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 మోడల్ 85 ఆ పద్ధతిని వాణిజ్య యంత్రంలోకి తెచ్చింది. అదే ఏడాది పీటర్ డెన్నింగ్, ఒక ప్రోగ్రామ్ ఏ కాలవ్యవధిలోనైనా తన మొత్తం సమాచారంలో కొద్ది భాగాన్నే పదే పదే తాకుతుందన్న సూత్రానికి శాస్త్రీయ రూపం ఇచ్చాడు. కాష్ డ్రైవ్ పనిచేసేదీ ఈ సూత్రం మీదనే.

ల్యాప్‌టాప్‌కు దీని అవసరం ఎందుకు కలిగిందో చిన్న లెక్కతో తెలుస్తుంది. నిమిషానికి 5400 సార్లు తిరిగే డిస్క్‌కు ఒక చుట్టు పూర్తి కావడానికి సుమారు 11 మిల్లీసెకన్లు పడుతుంది; కావలసిన చోటు చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అందులో సగం, ముల్లు సరైన వరుసకు జరగడానికి మరో పది పన్నెండు మిల్లీసెకన్లు అదనం. ఇదే పనికి ఫ్లాష్ చిప్‌కు పట్టే కాలం మిల్లీసెకనులో పదో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. ఆ రోజుల్లో ఎస్‌ఎస్‌డీ ధర ఎక్కువ, హార్డ్ డిస్క్ ధర తక్కువ కనుక, రెండింటినీ కలిపి తక్కువ ఖర్చుతో వేగాన్ని రాబట్టే ప్రయత్నాలు మొదలయ్యాయి.

2007లో విండోస్ విస్టాతో పాటు వచ్చిన రెడీబూస్ట్, అదే ఏడాది ఇంటెల్ తెచ్చిన టర్బో మెమరీ ఈ దిశలో తొలి అడుగులు. 2010లో సీగేట్ సంస్థ మొమెంటస్ ఎక్స్‌టీ పేరుతో 4 గిగాబైట్ల ఫ్లాష్‌ను హార్డ్ డిస్క్ లోపలే అమర్చింది. 2011 మే నెలలో జెడ్68 చిప్‌సెట్‌తో ఇంటెల్ ప్రవేశపెట్టిన స్మార్ట్ రెస్పాన్స్ సాంకేతికత విడి ఎస్‌ఎస్‌డీలో గరిష్ఠంగా 64 గిగాబైట్ల వరకు కాష్‌గా వాడుకునే వీలు కల్పించింది. ఆ ఏడాదే ఇంటెల్ ముందుకు తెచ్చిన అల్ట్రాబుక్ ప్రమాణం, నిద్రాణ స్థితి నుంచి యంత్రం 7 సెకన్లలోపు మేలుకోవాలని కోరింది. పెద్ద ఎస్‌ఎస్‌డీ పెట్టే స్తోమత లేని నమూనాల్లో తయారీదారులు హార్డ్ డిస్క్ పక్కన ఎంసాటా అనే చిన్న పలక రూపంలో కాష్ డ్రైవ్‌ను చేర్చి ఆ షరతును నెరవేర్చారు. కొన్ని నమూనాల్లో ఆ చిప్‌ను మదర్‌బోర్డుకే టంకం వేసి అతికించారు.

2012లో ఆపిల్ ఫ్యూజన్ డ్రైవ్‌ను డెస్క్‌టాప్ యంత్రాల్లో ప్రవేశపెట్టింది. 2013లో లైనక్స్ కెర్నెల్‌లోకి డీఎం-కాష్, బీకాష్ అనే రెండు వ్యవస్థలు చేరాయి. 2017లో ఇంటెల్, 3డీ ఎక్స్‌పాయింట్ అనే కొత్త రకం చిప్‌లతో 16, 32 గిగాబైట్ల ఆప్టేన్ మెమరీని విడుదల చేసి, 2019లో దానినీ సాధారణ ఫ్లాష్‌నూ ఒకే పలక మీద కూర్చిన హెచ్10ను తెచ్చింది. అప్పటికే పెద్ద ఎస్‌ఎస్‌డీల ధర దిగివచ్చి, ఈ జోడింపుకు ఉన్న ఆర్థిక కారణం బలహీనపడింది. 2022 జులైలో ఆప్టేన్ వ్యాపారాన్ని ముగిస్తున్నట్లు ఇంటెల్ ప్రకటించింది. తయారీ ఆగినా, ఆ పదేళ్లలో అమ్ముడైన యంత్రాలు ఇంకా వాడుకలో ఉన్నాయి కనుక దోష నిర్ధారణ ప్రశ్న మిగిలే ఉంది.

బాకీ రాతలు: అమరికల మధ్య తేడా

ఈ చర్చకు కీలకమైన తేడా చదవడంలో లేదు, రాయడంలో ఉంది. యజమాని ఒక ఫైలును భద్రపరిచినప్పుడు ఆ సమాచారం కాష్‌కు, హార్డ్ డిస్క్‌కు ఏ క్రమంలో చేరుతుందన్న దాన్ని బట్టి అమరికలు వేరవుతాయి. రెండింటికీ ఒకేసారి రాసే పద్ధతిని రైట్-త్రూ అంటారు. ఈ వ్యాసంలో దానిని జమిలి రాత అని వ్యవహరించవచ్చు. ముందు కాష్‌కు మాత్రమే రాసి, పని పూర్తయినట్లు ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పి, హార్డ్ డిస్క్‌కు తీరికగా తరువాత రాసే పద్ధతి రైట్-బ్యాక్. ఇది వాయిదా రాత. వాయిదా రాతలో, హార్డ్ డిస్క్‌కు ఇంకా చేరని సమాచారం కాష్ దగ్గర మాత్రమే ఉంటుంది. సాంకేతికులు డర్టీ డేటా అని పిలిచే ఈ సమాచారం నిజానికి కాష్ డ్రైవ్ హార్డ్ డిస్క్‌కు పడిన బాకీ. బాకీ తీరకముందే కాష్ పోతే, తీర్చడానికి ఇంకెవరూ ఉండరు.

ఈ దృష్టితో చూస్తే ప్రధాన అమరికలను నాలుగు తరగతులుగా పోల్చవచ్చు.

1. నకలు మాత్రమే ఉంచే కాష్: రెడీబూస్ట్ ఇందుకు ఉదాహరణ. అసలు సమాచారం ఎప్పుడూ హార్డ్ డిస్క్ మీదనే ఉంటుంది కాబట్టి కాష్‌ను ఏ క్షణంలో తీసేసినా పోయేది వేగం మాత్రమే.

2. జమిలి రాత: స్మార్ట్ రెస్పాన్స్‌లో ఎన్‌హాన్స్‌డ్ అనే విధానం, బీకాష్‌లో మామూలుగా ఉండే విధానం ఈ కోవకు చెందుతాయి. కాష్ పోయినా హార్డ్ డిస్క్ మీద పూర్తి ప్రతి ఉంటుంది. అయితే రెండింటి మధ్య బంధాన్ని తెంపేదాకా యంత్రం మొరాయించవచ్చు.

3. వాయిదా రాత: స్మార్ట్ రెస్పాన్స్‌లో మాక్సిమైజ్డ్ విధానం ఇటువంటిది. ఆప్టేన్ మెమరీని కూడా, ముందుగా విడదీయకుండా పలకను తీయరాదు కనుక, జాగ్రత్తల విషయంలో ఈ తరగతిలోనే చేర్చడం క్షేమం. కాష్ పోతే ఇటీవలి రాతలు పోతాయి. పోయినవి ఫైళ్ల పట్టికకు సంబంధించినవైతే మిగతా ఫైళ్లు కూడా చదవడానికి వీలుకాకపోవచ్చు.

4. అంచెల నిల్వ: ఫ్యూజన్ డ్రైవ్‌లో ఒక సమాచార భాగం ఎస్‌ఎస్‌డీలోనో డిస్క్‌లోనో ఏదో ఒక చోటే ఉంటుంది. దీనిని కాష్ అనడం వాడుకలో ఉన్నా ఇక్కడ నకలు అంటూ లేదు. రెండింటిలో ఏది పోయినా మొత్తం నిల్వ పోయినట్లే.

ఒకటో తరగతికి సరిపడే ‘తీసి పక్కన పెట్టండి’ అన్న సలహా మూడో తరగతికి విపత్తు అవుతుంది. ఇక్కడ మరొక అయోమయాన్ని కూడా తొలగించుకోవాలి. అల్ట్రాబుక్‌ల చిన్న ఎస్‌ఎస్‌డీలో కాష్‌తో పాటు, నిద్రాణ స్థితిలోకి వెళ్లేముందు ర్యామ్‌లోని సమాచారాన్ని దించుకోవడానికి రాపిడ్ స్టార్ట్ అనే వేరే భాగం కూడా తరచుగా ఉండేది. మేలుకోవడంలో మాత్రమే ఇబ్బంది కనిపించి, మిగతా వేళల్లో యంత్రం సజావుగా నడుస్తుంటే అనుమానాన్ని ముందు ఆ భాగం మీదికి మళ్లించడం సముచితం.

ఫ్లాష్ ఎందుకు చెడుతుంది

తోషిబాలో ఫుజియో మసుఒకా 1980లలో రూపొందించిన ఫ్లాష్ చిప్, సన్నని నిరోధక పొర వెనుక ఎలక్ట్రాన్లను బంధించి సమాచారాన్ని నిలుపుతుంది. చెరిపి రాసిన ప్రతిసారీ ఆ పొర కొంత అరుగుతుంది. గదికి ఒక్క బిట్ నిలిపే ఎస్‌ఎల్‌సీ రకం సుమారు లక్ష చెరిపివేతలను, రెండు బిట్లు నిలిపే ఎంఎల్‌సీ రకం మూడు వేల నుంచి పది వేల దాకా తట్టుకుంటాయని సాధారణంగా లెక్కిస్తారు. 24 గిగాబైట్ల ఎంఎల్‌సీ కాష్ డ్రైవ్ మూడు వేల చెరిపివేతలకు ఓర్చుకుంటుందనుకుంటే, సిద్ధాంతరీత్యా అది 72 టెరాబైట్ల రాతలను భరించాలి. రోజుకు 20 గిగాబైట్లు రాసినా పదేళ్ల దాకా నిలవవలసిన డ్రైవ్, లోపలి సర్దుబాటు వల్ల ఒక్కో రాతకు నిజంగా మూడు రాతలు జరిగితే మూడేళ్లకు కాస్త ఎక్కువ కాలంలోనే అరుగుతుంది. 240 గిగాబైట్ల డ్రైవ్ మీద ఇదే భారం పది రెట్లు పలచబడుతుంది. పైగా కాష్ ఎప్పుడూ దాదాపు నిండుగానే ఉంటుంది కనుక సర్దుబాటుకు కావలసిన ఖాళీ దానికి తక్కువ. చిన్న డ్రైవ్‌కు పెద్ద పని అప్పగించడం ఈ అమరికలోనే ఉన్న బలహీనత.

అయితే అరుగుదల ఒక్కటే కారణం కాదు. డ్రైవ్‌ను నడిపే అంతర్గత ప్రోగ్రామ్‌లో, అంటే ఫర్మ్‌వేర్‌లో ఉండే తప్పులు చిప్‌లు ఆరోగ్యంగా ఉన్నా డ్రైవ్‌ను స్తంభింపజేయగలవు. క్రూషియల్ సంస్థ ఎం4 డ్రైవ్ 5184 గంటల వాడకం పూర్తయ్యాక మొరాయించడం, 2012 జనవరిలో విడుదలైన కొత్త ఫర్మ్‌వేర్‌తో ఆ దోషం తొలగిపోవడం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. హఠాత్తుగా విద్యుత్తు ఆగడం మూడో కారణం. 2013లో మై జెంగ్ బృందం 15 ఎస్‌ఎస్‌డీలకు ప్రయోగశాలలో విద్యుత్తు తెంచి చూసినప్పుడు 13 డ్రైవ్‌లు ఏదో ఒక రకమైన అనూహ్య వైఫల్యాన్ని చూపాయి. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ రక్షణ ఉన్నా, బ్యాటరీ పాతబడిన యంత్రంలోనూ, స్తంభించిన యంత్రాన్ని పవర్ బటన్ నొక్కిపట్టి ఆపినప్పుడూ ఆ రక్షణ వర్తించదు. వదులైన కనెక్టర్, మాసిన రాగి పట్టీలు నాలుగో కారణం.

లక్షణాలు, వాటి సందిగ్ధత

కాష్ డ్రైవ్ చెడుతున్నప్పుడు కనిపించే ప్రధాన లక్షణం నెమ్మదితనం అని చెప్పడం వాడుక అయినా, ఆ మాట స్పష్టం కాదు. కాష్ పూర్తిగా పనిచేయడం మానేసి, వ్యవస్థ దానిని వదిలేసి హార్డ్ డిస్క్‌తోనే నడుస్తున్నప్పుడు యంత్రం అన్ని పనుల్లోనూ ఒకే తీరుగా మందగిస్తుంది. కాష్ సగం చచ్చి సగం బతికి ఉన్నప్పుడు మాత్రం యంత్రం కొంతసేపు చురుకుగా నడిచి, ఉన్నట్టుండి పదుల సెకన్లు బిగుసుకుపోయి, మళ్లీ కదులుతుంది. ఆదేశం పంపిన తరువాత జవాబు కోసం ఆపరేటింగ్ సిస్టమ్ నిర్ణీత గడువు దాకా ఎదురుచూడడం దీనికి కారణం. లైనక్స్‌లో ఆ గడువు మామూలుగా 30 సెకన్లు. అందువల్ల ఏకరీతి మందగమనాన్ని, ఆగి ఆగి సాగే నడకను వేరుచేసి చూడడం నిర్ధారణలో తొలి మెట్టు.

మిగిలిన లక్షణాలు ఇంతకన్నా అస్పష్టమైనవి. బయోస్ తెర దగ్గరే యంత్రం చాలాసేపు ఆగిపోవడం, స్పందించని డ్రైవ్ కోసం, డ్రైవ్‌లను నడిపే కంట్రోలర్ ఎదురుచూస్తున్నదని సూచించవచ్చు. నిన్న భద్రపరిచిన ఫైలు నేడు పాత రూపంలో కనిపించడం వాయిదా రాతలో బాకీ తీరలేదనడానికి గట్టి సంకేతం. నీలి తెరలు, విండోస్ ఫైళ్లు పాడయ్యాయన్న సందేశాలు ర్యామ్ దోషంతోనూ రాగలవు. హార్డ్ డిస్క్‌లో చెడిన భాగాలున్నా, వాటి నకళ్లు కాష్‌లో ఉన్నంతకాలం ఆ లోపం బయటపడకపోవచ్చు కాబట్టి, కాష్‌ను తీసేసిన తరువాత బయటపడిన డిస్క్ దోషాన్ని, కాష్ తీయడం వల్ల వచ్చిన దోషంగా పొరబడే అవకాశమూ ఉంది.

నిర్ధారణలో మూడు మార్గాలు

మొదటి మార్గం అంకెలను నమ్ముతుంది. డ్రైవ్ తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే స్మార్ట్ అనే ఏర్పాటులో, పాడై పక్కన పెట్టిన భాగాల సంఖ్య, సరిదిద్దలేని లోపాల సంఖ్య, అరుగుదల శాతం వంటివి ఉంటాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, స్మార్ట్‌సీటీఎల్ వంటి ఉపకరణాలు వాటిని చదివి చూపుతాయి. ఈ మార్గానికి ఉన్న బలం, డ్రైవ్‌ను కదపకుండానే సాక్ష్యం దొరకడం. 199వ అంశంగా నమోదయ్యే ప్రసార దోషాలు పెరుగుతూ, మిగతా అంకెలు శుభ్రంగా ఉంటే తప్పు చిప్‌ది కాక కనెక్టర్‌ది కావచ్చునన్న వివేచన కూడా దీనివల్లే సాధ్యం. బలహీనతలూ తక్కువ కాదు. అరుగుదలను సామ్‌సంగ్ 177వ అంశంలో, ఇంటెల్ 233వ అంశంలో చూపినట్లు, సాటా అనే అనుసంధానం వాడే డ్రైవ్‌లలో తయారీదారుకొక పద్ధతి ఉంది. రెయిడ్ విధానంలో, అంటే పలు డ్రైవ్‌లను కలిపి ఒకటిగా నడిపే విధానంలో ఉన్న కంట్రోలర్ కాష్ డ్రైవ్‌ను కొన్ని ఉపకరణాలకు కనబడనివ్వదు. అన్నిటికీ మించి, ఈ అంకెల భవిష్యవాణి మీదనే సందేహాలున్నాయి. గూగుల్ 2007లో లక్షకు పైగా హార్డ్ డిస్క్‌ల మీద ప్రకటించిన అధ్యయనంలో, చెడిన వాటిలో సగానికి మించి డిస్క్‌లు నాలుగు బలమైన స్మార్ట్ సూచికల్లో ఒక్కదానిలో కూడా ముందుగా హెచ్చరిక చూపలేదు.

రెండో మార్గం వ్యవస్థ నమోదులను నమ్ముతుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో 129వ సంఖ్య గల నమోదు డ్రైవ్‌ను మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చిందని, 153వది ఆదేశాన్ని మళ్లీ పంపవలసి వచ్చిందని, 7వది చదవరాని భాగం తగిలిందని తెలుపుతాయి. ఏ వేళకు యంత్రం బిగుసుకుందో, అదే వేళకు ఏ డ్రైవ్ పేరిట నమోదు పడిందో సరిపోల్చడం ఈ మార్గపు పద్ధతి. డ్రైవ్ బాగానే ఉండి, సాటా లంకె విద్యుత్ పొదుపు సెట్టింగ్ వల్లనో పాత డ్రైవర్ వల్లనో 129వ నమోదులు వచ్చిన సందర్భాలు అనేకం ఉన్నాయని, కాబట్టి సాఫ్ట్‌వేర్‌ను సరిచేయకముందే డ్రైవ్‌ను నిందించరాదని ఈ పక్షం వాదిస్తుంది. లైనక్స్ బీకాష్ ఈ వాదానికి మరో కోణం చేరుస్తుంది: కాష్ నుంచి చదవడంలో లోపం వస్తే, ఆ భాగం బాకీ కానంతవరకు, అది నిశ్శబ్దంగా హార్డ్ డిస్క్ నుంచి చదువుకుంటుంది, లోపాలు పరిమితి దాటితే కాష్‌నే పక్కనపెడుతుంది. నమోదులు చూడని యజమానికి ఇదంతా జరిగినట్లే తెలియదు.

మూడో మార్గం ఏరివేతను నమ్ముతుంది. కాష్‌ను తొలగించి, యంత్రాన్ని హార్డ్ డిస్క్‌తో మాత్రమే కొన్నాళ్లు నడిపి, బిగుసుకుపోవడం ఆగిందా లేదా అని చూడడం దీని సారాంశం. ఆగితే దోషి కాష్; ఆగకపోతే హార్డ్ డిస్క్, ర్యామ్, ఆపరేటింగ్ సిస్టమ్‌ల వంతు. ఫలితం స్పష్టంగా ఉండడం ఈ మార్గానికి ఉన్న ఆకర్షణ. అయితే టంకం వేసిన చిప్ విషయంలో భౌతికమైన ఏరివేత సాధ్యం కాదు, సాఫ్ట్‌వేర్ ద్వారా బంధం తెంపడంతో సరిపెట్టుకోవాలి. వాయిదా రాత అమరికలో ఈ పరీక్ష తనంతట తానే నష్టం కలిగించగలదు.

మూడింటినీ పోల్చితే ఇలా క్రోడీకరించవచ్చు: అంకెలు చెడుగా ఉంటే అవి దాదాపు నిర్ణాయకం, మంచిగా ఉంటే మాత్రం ఏమీ రుజువు కాదు, నమోదులు దోషం ఏ దారిలో ఉందో చూపుతాయి కానీ దారికీ డ్రైవ్‌కూ మధ్య తేడా చెప్పలేవు, ఏరివేత తేడా చెప్పగలదు, అందుకు తగిన మూల్యం అడుగుతుంది. అందుచేత ఇవి ఒకదానికొకటి పోటీ అనేకన్నా, హాని లేనిదాని నుంచి హాని గలదాని వైపు సాగే వరుస మెట్లుగా చూడడం సమంజసం.

విడదీసే క్రమం మీద వివాదం

కాష్ మీద అనుమానం బలపడ్డాక ముందు ఫైళ్లను బయటికి తీయాలా, ముందు కాష్‌ను విడదీయాలా అన్నది తరచూ తలెత్తే తగవు. విడదీయడమే ముందని చెప్పేవారి వాదన ప్రకారం, మొత్తం డిస్క్‌ను చదివే క్రమంలో కాష్‌కు కొత్త రాతలు పడి, అప్పటికే కొనఊపిరితో ఉన్న డ్రైవ్ పూర్తిగా పోవచ్చు. ఫైళ్లే ముందని చెప్పేవారు, విడదీయమన్న ఆదేశంతోనే బాకీ రాతలన్నీ కాష్ నుంచి హార్డ్ డిస్క్‌కు ప్రవహిస్తాయని, చెడిన డ్రైవ్ నుంచి చదివిన పాడు సమాచారం అసలు ప్రతిని కూడా పాడుచేయవచ్చునని గుర్తుచేస్తారు. యంత్రం ఇంకా తెరుచుకుంటున్నంతవరకు ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారా కనిపించే ఫైలు కాష్, డిస్క్ రెండింటినీ కలిపిన తాజా రూపం కనుక, ముఖ్యమైన ఫైళ్లను ముందుగా వేరే డ్రైవ్‌కు నకలు చేసి, ఆ తరువాత విడదీయడానికే మొగ్గు ఎక్కువ. స్మార్ట్ రెస్పాన్స్ స్ట్రీమింగ్ వంటి వరుస పఠనాలను కాష్‌లోకి రానివ్వకుండా వడగట్టడానికి ప్రయత్నిస్తుంది కాబట్టి మొదటి పక్షపు భయానికి బలం కొంత తగ్గుతుంది.

విడదీయడం ఇంటెల్ వ్యవస్థలో రాపిడ్ స్టోరేజ్ ఉపకరణం నుంచి జరుగుతుంది. విండోస్ తెరుచుకోని స్థితిలో, పాత యంత్రాల్లో బూట్ సమయాన కంట్రోల్, ఐ మీటలు కలిపి నొక్కితే వచ్చే మెనూ నుంచి యాక్సిలరేషన్‌ను, అంటే కాష్ బంధాన్ని తొలగించవచ్చు. ఎక్స్‌ప్రెస్‌కాష్ వంటి సాఫ్ట్‌వేర్ కాష్‌లకు ఆ సాఫ్ట్‌వేర్‌ను తీసేస్తే చాలు. ఇక్కడ రెండు తొందరపాట్లు నష్టాన్ని పెంచుతాయి. బంధం తెంపకముందే బయోస్‌లో రెయిడ్ విధానాన్ని, డ్రైవ్‌లను విడివిడిగా నడిపే ఏహెచ్‌సీఐకి మార్చడం మొదటిది. దానివల్ల విండోస్ తెరుచుకోకపోవడమే కాక, బాకీ ఉన్న డిస్క్ ఒంటరిగా వాడుకలోకి రావచ్చు. కాష్ పోయిన వెంటనే, విండోస్‌లోని డిస్క్ మరమ్మతు ఉపకరణమైన చెక్‌డిస్క్‌ను నడపడం రెండోది. ఫైళ్ల పట్టికలోని తాజా రాతలు కాష్‌లోనే ఉండిపోయినప్పుడు, చెక్‌డిస్క్ పాత పట్టికను నిజమని నమ్మి దానికి పొసగనివన్నీ తుడిచేస్తుంది. అంతకుముందు తాత్కాలికమైన అసంగతి ఆ తరువాత శాశ్వత నష్టం అవుతుంది. కాష్ పూర్తిగా మూగబోయి, వాయిదా రాత అమలులో ఉందని తెలిసిన సందర్భంలో, హార్డ్ డిస్క్‌ను చదవడానికి మాత్రమే జోడించి దాని పూర్తి ప్రతిబింబాన్ని వేరే డిస్క్‌కు తీసుకున్న తరువాతే ఏ మరమ్మతైనా మొదలుపెట్టాలన్న విషయంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు.

బాగుచేతా, మార్పిడా, తొలగింపా

కాష్ డ్రైవే దోషి అని తేలాక మూడు దారులు ఉంటాయి. ఫర్మ్‌వేర్ దోషమో, కనెక్టర్ దోషమో అయితే బాగుచేత సరిపోతుంది. కొత్త ఫర్మ్‌వేర్ వేయడం, పలకను తీసి రాగి పట్టీలు శుభ్రపరిచి మళ్లీ బిగించడం, డ్రైవ్ మొత్తాన్ని సెక్యూర్ ఎరేస్ ఆదేశంతో చెరిపి కొత్తగా కాష్‌గా అమర్చడం ఇందులోకి వస్తాయి. చెరిపిన తరువాత వేగం తిరిగి వచ్చినా, పక్కన పెట్టిన భాగాల సంఖ్య వారం వారం పెరుగుతూ ఉంటే ఆ బాగు తాత్కాలికమే.

అదే పరిమాణం గల కొత్త కాష్ డ్రైవ్‌తో మార్చడం యంత్రాన్ని పూర్వస్థితికి తెస్తుంది. అయితే ఎంసాటా పలకల తయారీ తగ్గి, దొరికేవాటిలో వాడినవి ఎక్కువ కావడం, ఆప్టేన్ తయారీయే ఆగిపోవడం ఈ దారిని ఇరుకు చేశాయి. మూడో దారి కాష్‌ను శాశ్వతంగా తొలగించి, హార్డ్ డిస్క్ స్థానంలోనే 2.5 అంగుళాల పూర్తి ఎస్‌ఎస్‌డీని అమర్చడం. హార్డ్ డిస్క్ కూడా అదే వయసుదని గుర్తుంచుకుంటే, వయసైన డిస్క్‌కు కొత్త కాష్ కట్టడం కన్నా ఇది మేలన్న వాదం నేడు బలంగా ఉంది. ఒక్క టెరాబైటుకు మించిన నిల్వ అవసరమై, ఖర్చు పరిమితమైన చోట మాత్రమే మార్పిడి పక్షం ఇంకా నిలబడుతుంది.

తీసేసిన కాష్ పలకను పారవేయడంలో ఒక జాగ్రత్త తరచూ మరుగున పడుతుంది. అది ఖాళీ చిప్ కాదు. యజమాని తరచుగా తెరిచిన పత్రాల, చిత్రాల నకళ్లు అందులో ఉండే అవకాశం ఉంది. చెరిపే ఆదేశానికి స్పందించనంతగా చెడితే దానిని భౌతికంగా పగలగొట్టడం మినహా మార్గం లేదు.

ఇంకా తేలనివి

అరుగుదల అంకె వైఫల్యాన్ని ఎంతవరకు ముందుగా చెబుతుందన్నది మొదటి ప్రశ్న. ఫేస్‌బుక్ యంత్రాల మీద 2015లో జస్టిన్ మేజా బృందం ప్రకటించిన అధ్యయనం, వైఫల్యాలు అరుగుదలతో పాటు ఏకధాటిగా పెరగవని, తొలి దశలోనే బలహీన చిప్‌లు బయటపడి ఆ తరువాత నిలకడ కాలం వస్తుందని చూపింది. గూగుల్ డ్రైవ్‌ల మీద 2016లో బియాంకా ష్రోడర్ బృందం చేసిన అధ్యయనం, రాతల లెక్కతో నిమిత్తం లేకుండా వయసే ఒక కారణమని, ఖరీదైన ఎస్‌ఎల్‌సీ డ్రైవ్‌లు ఎంఎల్‌సీ కన్నా నమ్మకమైనవని చెప్పలేమని తేల్చింది. నాలుగేళ్లలో కనీసం ఒక్క సరిదిద్దలేని లోపమైనా చూపిన డ్రైవ్‌లు నమూనాను బట్టి 20 నుంచి 63 శాతం దాకా ఉన్నాయి. ఇవన్నీ ఎడతెగని విద్యుత్తు, నియంత్రిత ఉష్ణోగ్రత గల డేటా సెంటర్ల లెక్కలు. రోజూ మూసి తెరిచే, బ్యాగులో కుదుపులు తినే ల్యాప్‌టాప్‌లోని 24 గిగాబైట్ల డ్రైవ్‌కు ఇవి ఎంతవరకు వర్తిస్తాయన్నది చర్చనీయం.

విద్యుత్తు లేకుండా పక్కన పెట్టిన యంత్రం సంగతి రెండోది. జెడెక్ సంస్థ ప్రమాణం ప్రకారం వినియోగదారుల ఎస్‌ఎస్‌డీ తన అరుగుదల పరిమితికి చేరిన తరువాత కూడా 30 డిగ్రీల వద్ద ఏడాది పాటు సమాచారాన్ని నిలపాలి. ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ ఆ గడువు తగ్గుతుంది. వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకే రెంటచింతల, రామగుండం వంటి చోట్ల అరిగిన కాష్‌తో ఉన్న ల్యాప్‌టాప్‌ను అటక మీద వదిలేయడం, జమిలి రాత అమరికలో పట్టించుకోనక్కరలేని విషయం, వాయిదా రాతలో బాకీ మిగిలి ఉంటే పట్టించుకోవలసిన విషయం.

జీవితాంతానికి చేరిన డ్రైవ్ ఎలా ప్రవర్తించాలన్నది మూడోది. ఇక రాయనివ్వకుండా, చదవనిచ్చే స్థితిలో ఆగిపోయే డ్రైవ్ నుంచి బాకీని రాబట్టవచ్చు. ఉన్నట్టుండి మాయమయ్యే డ్రైవ్ నుంచి ఏదీ రాదు. ఈ విషయంలో ఏకరూపత లేకపోవడం వల్లనే, వాయిదా రాత ఇచ్చే అదనపు వేగం దాని ప్రమాదానికి తగినదా అన్న చర్చ సాంకేతిక స్థాయిలో ముగియక, యజమాని అభిరుచికి వదిలేయవలసి వస్తున్నది.

సారాంశం

కాష్ డ్రైవ్ దోష నిర్ధారణ గురించి చెలామణిలో ఉన్న సలహాలలో తప్పుడువి తక్కువ, చోటు తప్పినవి ఎక్కువ. తీసి చూడమన్నవారు నకలు కాష్‌ను, జమిలి రాతను దృష్టిలో పెట్టుకున్నారు. ముట్టుకోవద్దన్నవారు వాయిదా రాతను, అంచెల నిల్వను దృష్టిలో పెట్టుకున్నారు. డ్రైవ్ బతికి ఉందా లేదా అని అడగడానికి ముందు, అది హార్డ్ డిస్క్‌కు ఏమైనా బాకీ ఉందా అని అడిగితే, ఈ రెండు పక్షాల సలహాలూ వాటి వాటి చోట్ల ఒదుగుతాయి. బాకీ లేదని తేలితే నిర్ధారణ ఎంత నిర్భయంగానైనా సాగవచ్చు, పొరబాటుకు మూల్యం కాస్త కాలం మాత్రమే. బాకీ ఉందని తేలినా, ఉందో లేదో తెలియకపోయినా, ముందు వసూలు, తరువాతే విచారణ.